పాప డబ్బులు ఎవరి చేతికి? తేల్చేసిన మా సుగుణక్క

నిన్న పొద్దున ఇడ్లీలు వేస్తుంటే ఫోన్ మోగింది. స్క్రీన్ మీద సుగుణక్క పేరు. "చెప్పక్కా" అన్నా.

అక్క కాదు. వాళ్ళ కోడలు.

"అత్తమ్మ పోయింది ఆంటీ" అంది. నేను "ఎక్కడికి?" అని అడిగా. నిజంగానే అడిగా. బుర్ర పని చేయలేదు.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు. మొన్న ఆదివారం కూడా నన్ను తిట్టింది, షుగర్ టాబ్లెట్ మర్చిపోయానని.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. తొంభైల్లో బహ్రెయిన్‌లో ఒక గవర్నమెంట్ హాస్పిటల్లో నేను కొత్త నర్సుని, అక్క నా సీనియర్. నాది గుంటూరు వైపు, ఆమెది జగిత్యాల వైపు. ఈసా టౌన్‌లో పక్కపక్క ఫ్లాట్లు. మా ఆయనకి సల్మాబాద్‌లో ఒక గ్యారేజీలో పని. మా పాపకి అప్పుడు ఏడో నెల.

చిన్నపిల్లలున్న నర్సులకి అప్పట్లో సర్కారు నుంచి చైల్డ్‌కేర్ అలవెన్స్ వచ్చేది. ఎలా తీసుకోవాలో మనమే ఫారంలో టిక్ పెట్టాలి. తండ్రి అకౌంట్‌కి, లేదా తల్లి జీతంతో కలిపి, లేదా నేరుగా పిల్లని చూసుకునే క్రెష్‌కి. దాదాపు అందరూ కళ్ళు మూసుకుని తండ్రి అకౌంట్‌కే పెట్టేవాళ్ళు.

నేను అంతకంటే ఘనకార్యం చేశా.

ఫారం మొత్తం అరబిక్. కౌంటర్‌లో క్లర్క్ ఒక గీత మీద వేలు పెట్టి "వలీ?" అన్నాడు. మా గుంటూరు వైపు వీధికో వలీ ఉంటాడు. ఆ రోజు నన్ను ఆ ఆఫీసు దగ్గర దింపింది కూడా మా హాస్పిటల్ బస్సు డ్రైవర్ మస్తాన్ వలీ. ఆయన గురించే అడుగుతున్నాడనుకుని "యస్ యస్, మస్తాన్ వలీ!" అన్నా సంబరంగా. రాసుకున్నాడు. ఏం పని చేస్తాడన్నాడు. డ్రైవర్ అన్నా. అదీ రాసుకున్నాడు.

అరబిక్‌లో వలీ అంటే గార్డియన్ అని నాకేం తెలుసు?

పది రోజులకి వలీ భాయ్ మా తలుపు కొట్టాడు. చేతిలో కాగితం, మొహంలో నెత్తురు చుక్క లేదు. "సిస్టర్, నాకింకా పెళ్ళే కాలేదు. మీ పాప కాగితాల మీద నేను సంతకం పెట్టాలంట!"

మా ఆయన మొహం చూడాలి.

అక్కడికక్కడే తేల్చేశాడు. కొత్త ఫారంలో తన అకౌంట్ రాయాలి. క్రెష్‌కి తగలెయ్యడం దేనికి, పాపని నాయనమ్మ దగ్గరికి పంపేసి ఆ డబ్బుతో ఊళ్ళో ఇల్లు కడదాం అన్నాడు. తండ్రి అకౌంట్‌కి అయితే పిల్ల ఎక్కడుందని అడిగేవాళ్ళు లేరు. ఫ్రెండ్ ఒకాయన లీవ్ మీద వెళ్తున్నాడు, ఆయన భార్య పాపని ఎత్తుకెళ్తుందట. టికెట్ కూడా మాట్లాడేశాడు.

నేను తలూపా. తలూపడం నాకు బాగా వచ్చిన విద్య.

అక్కకి చెప్తే, వలీ సంగతికి పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అడిగింది.

"పైసలు ఎవల చేతికి పోతె పిల్ల సంగతి ఆల్లే చెప్తరు. నువ్వేం రాస్తవ్?"

నా జీతంలో కలపమంటానన్నా, చాలా ధైర్యం చేసి.

"వద్దు. నీ చేతికొస్తె పొద్దుమూకేటాల్లకు నీ మొగని చేతిల ఉంటది. నీ సంగతి నాకెర్కలేదా?"

కోపం వచ్చింది నాకు. నిజం కాబట్టే వచ్చింది.

క్రెష్‌కి పెట్టమంది. అలా పెడితే పాప అక్కడ ఉన్నన్నాళ్ళే డబ్బు వస్తుంది. పాపని పంపేస్తే ఎవరికీ రాదు. కానీ తండ్రి సంతకం కావాలి. అదెలా పెట్టించాలో నాకు తెలియలేదు.

శుక్రవారం ఫారం పట్టుకుని అక్కే మా ఇంటికొచ్చింది. "ఇది మా ఇంటి విషయం అక్కా" అన్నాడు మా ఆయన. అక్క చెప్పులు విప్పి తాపీగా కూర్చుంది.

"మంచిది తమ్మీ, పంపు. పిల్లతోని తల్లిని గూడ పంపు. పాలు తాగే పిల్ల తల్లి లేక ఉంటదా? రేపు నేనే మేట్రన్‌కు చెప్పి దీని పేరు కొట్టేపిస్త."

నా జీతం కూడా పోతుందని ఆయనకి అర్థమైంది. ఆమె అన్నంత పనీ చేసే మనిషని కూడా తెలుసు. అక్క రెండు టీలు తాగింది, కదల్లేదు. మూడో టీ పెట్టేలోపు సంతకం పెట్టాడు.

మర్నాడు ఇద్దరం ఆఫీసుకెళ్ళాం. క్లర్క్ మళ్ళీ "వలీ?" అన్నాడు. అక్క నా నోరు మూసేసింది. నిజంగానే, చేత్తో.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగా, నా కోసం ఎందుకింత పట్టుదలక్కా అని.

అప్పుడు చెప్పింది. తన పెద్దోడు పుట్టినప్పుడు ఆమె కూడా తండ్రి అకౌంట్‌కే టిక్ పెట్టిందట. ఎనిమిదో నెలలో వాడిని ఊరికి పంపేశారు. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. రెండేళ్ళకి లీవ్ మీద వెళ్తే, పిల్లాడు నాయనమ్మ కొంగు వెనక దాక్కున్నాడట.

"అమ్మ అనలే. దుబాయమ్మ వచ్చింది అన్నడు."

అంతే. వెంటనే ఫారం రసీదు జాగ్రత్తగా దాచుకోమని నా చేతిలో పెట్టింది.

మా పాప ఇవాళ ఇద్దరు పిల్లల తల్లి. తనని పంపెయ్యబోయామని ఇన్నేళ్ళూ తనకి చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు. నిన్న చెప్పా. చాలాసేపు ఏడ్చింది. "నేనూ వస్తానమ్మా జగిత్యాలకి" అంది. ఇద్దరం బయల్దేరుతున్నాం.

సుగుణక్కా, నా బిడ్డ మొదటి మాట నా ఒళ్ళో కూర్చుని, నన్ను చూసి అంది. అమ్మ అనే అంది.

ఆ మాట నీకు దక్కలేదు. కొట్లాడి నాకు దక్కించావు.

నిమ్మళంగా నిద్రపో అక్కా. ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.