సముద్రం మీద వేసిన నింద

మా అన్నయ్య సకెల్లారిస్ కాళ్లు నేలకు అతుక్కుపోవడం మొదలైనప్పుడు కాలిమ్నోస్ ద్వీపంలో ఎవరూ కంగారుపడలేదు. నాకిప్పటికీ మంట అదే. గుమ్మం దగ్గర అలాగే నిలబడిపోయేవాడు. పాదం ఎత్తాలని చూస్తే లేచేది కాదు. ఎలాగో లేచాక చిన్న చిన్న అడుగులు ఈడ్చుకుంటూ నడిచేవాడు. చూసినవాళ్లంతా ఒకటే అన్నారు: "సముద్రం పట్టింది."

ఆ నడక తెలియనివాళ్లు మా దగ్గర లేరు. సముద్రం అడుగున పెరిగే స్పాంజి కోసం లోతుకు దిగి, గబుక్కున పైకి వచ్చినవాళ్ల కాళ్లు పడిపోతాయి. పెళ్లిళ్లలో ఆ నడకనే నాట్యంగా ఆడతాం. వరుస ముందున్నవాడు కర్ర మీద ఆనుకుని వణుకుతుంటే మిగతావాళ్లు అతని కోసం నెమ్మదిస్తారు. అన్నయ్యలా సగం జీవితం నీటి అడుగున గడిపిన మనిషికి ఇంకే జబ్బు వస్తుంది? కాఫీ దుకాణంలో అన్నయ్యను చూడగానే లేచి కుర్చీ ఇచ్చేవారు. సముద్రం పట్టినవాడికి మందు లేదు కాబట్టి డాక్టరు మాట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత ఆపుకోలేక బట్టలు తడుపుకోవడం మొదలైంది. అదీ సముద్రం ఖాతాలోనే వేశాం. మతిమరుపు వస్తే వయసు ఖాతాలో వేశాం.

వదిన కలొతీన మాత్రం ఊరుకోలేదు. "ఏంటే థెమెలీనా మీ అన్నయ్య? కూర బాగుందా అంటే ఏం కూర అంటాడు, ఇంకా మూతి కూడా తుడుచుకోకుండానే! కాళ్లకి పట్టిన సముద్రం బుర్రకెక్కిందా?"

"పెద్దవాడయ్యాడు కదా వదినా."

"మామయ్య తొంభై ఏళ్లప్పుడు కూడా నా వంటకి వంకలు పెట్టాడు. ఈయనకి డెబ్భయ్యే!"

చివరికి ఆవిడే పోరి పోరి అన్నయ్యను ఏథెన్స్ తీసుకెళ్లింది. నేనూ తోడు వెళ్లాను. తలకు స్కానింగ్ తీశాక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది.

"అందరి తలలోనూ రోజూ నీరు ఊరుతుంది, ఊరినది రక్తంలోకి ఇంకిపోతుంది. ఈయనకి ఇంకడం తగ్గింది. ఆ నీరు లోపలే నిలిచి మెదడుని నొక్కుతోంది. నడకా, మతిమరుపూ, బట్టలు తడవడం, అన్నీ దానివల్లే."

"మరి సముద్రం?" అంది వదిన.

"ఆయన నీళ్లలో దిగడం మానేసి ఎన్నాళ్లయింది?"

"మా పెద్దాడి పెళ్లప్పుడు మానేశాడు. ఇప్పుడు మనవడికి మీసాలొచ్చాయి."

"నీళ్లలోంచి పైకొచ్చిన రోజే ఆ దెబ్బ తెలిసిపోతుందమ్మా. ఇన్నేళ్లు ఆగి రాదు."

ఆ సంగతి మాకు తెలియదా? మా ద్వీపంలో పిల్లలకూ తెలుసు. తెలిసి కూడా ఒక్కరికీ తట్టలేదు.

తలలోని నీరే వెన్ను దాకా దిగుతుందట, నడుములోంచి కొంత తీసి చూశారు. మర్నాడు అన్నయ్య ఆసుపత్రి వరండాలో చేతులూపుకుంటూ మా దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఏమే కలొతీనా, అలా చిక్కిపోయావేంటి? వండింది నువ్వే తినలేకపోతున్నావా?"

వదిన గోడకు జారగిలబడి ఏడ్చేసింది.

నీరు మళ్లీ చేరకుండా తలలోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేస్తే ఆ మంచి నడక అలాగే ఉండిపోయేదట. కానీ అన్నయ్య గుండె బాగా దెబ్బతింది, ఆపరేషన్‌కు తట్టుకోలేదన్నారు. రెండేళ్ల కిందట తెచ్చి ఉంటే చేసేవాళ్లమన్నారు. వదిన డాక్టరమ్మ చేతులు పట్టుకుని బతిమాలింది. ఆ డాక్టరమ్మ మాత్రం ఏం చేస్తుంది?

ఇంటికి వచ్చి వారం తిరక్కుండానే పాదాలు మళ్లీ బరువెక్కాయి. మనసు ఇంకా కాస్త తేటగా ఉండగానే అన్నయ్య అడిగాడు.

"దాచకుండా చెప్పు. నాకేమైంది?"

వదిన అంతా చెప్పింది.

"అయితే సముద్రం కాదా?"

"కాదు."

"ముందే వెళ్లుంటే బాగయ్యేవాణ్ణా?"

వదిన తలూపింది. అన్నయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. మేమిద్దరం చెరోపక్క కూర్చున్నాం. చేయగలిగింది ఏమీ లేకపోయింది.

తెల్లారి లేచి మళ్లీ అదే అడిగాడు, ఎన్నడూ విననట్టు. "కలొతీనా, నా కాళ్లకేమైంది?"

వదిన దుప్పటి మడతపెడుతూ ఆగిపోయింది. నావైపు చూసింది.

"సముద్రమే. ఇంకేముంటుంది?" అంది.

"అంతేనా! ఇంకేదో అనుకున్నాను," అని అన్నయ్య తేలిగ్గా వెనక్కి వాలాడు.

ఇప్పటికీ రోజూ అడుగుతాడు. రోజూ అదే చెబుతున్నాం.