ఎడమచేతి తుపాకీ

ఒటాగో కొండల్లో గొర్రెలు పెంచే హామిష్ ప్రతి శనివారం టోపీ చేతిలో నలుపుకుంటూ నెవిల్ తుపాకుల కొట్టుకి వస్తాడు. చిన్న తుపాకులన్నీ దింపించి, గురిచూసే దుర్బిణీలన్నీ తుడిచి తుడిచి చూసి, “కుందేళ్ళు గడ్డినంతా నాకేస్తున్నాయోయ్” అని నిట్టూర్చి, ఉత్తచేతుల్తో పోతాడు. మొన్న మాత్రం తూటా ఎక్కించే బోల్టు ఎడమవైపున్న తుపాకీ పట్టుకుని వదల్లేదు.

“అది ఎడమచేతివాళ్ళదయ్యా మహానుభావా! నీది కుడిచెయ్యి కదా?”

“తెలుసులే.” హామిష్ చెవులు ఎర్రబడ్డాయి. “దుర్బిణీ ఇంకాస్త వెనక్కి బిగించు. ఆవిడ మెడ పొట్టి.”

నిరుడు అలిగి చెల్లెలింటికి వెళ్ళిపోయిన అతని భార్య మోరాగ్‌ది ఎడమచేతివాటమని ఊరందరికీ తెలుసు. నెవిల్ నవ్వాపుకుని మరలు వదులు చేశాడు.

“వస్తానందా?”

“ఇంకా పిలవలేదు. ఇంటికి రమ్మనడం నాకు చేతకాదోయ్. కుందేళ్ళు ఎక్కువయ్యాయని మాత్రం చెప్పగలను.”