కంప్యూటర్ లేవని పొద్దు

ఎనభైల చివర్లో నేను హనుమకొండలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేవాణ్ణి. యజమాని టైపు మిషన్లతో పాటు ఒక కంప్యూటర్ కూడా కొని పెట్టాడు. అందులో డాస్, యూనిక్స్ అని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండేవి. పొద్దటి క్లాసుకు డాస్, మధ్యాహ్నం క్లాసుకు యూనిక్స్. స్విచ్ వేయగానే వాటిలో ఏది లేవాలో డిస్కు మీద ముందే గుర్తు పెట్టి ఉంచాలి. ఆ గుర్తు మార్చడం ఇద్దరికే తెలుసు: నాకూ, టైపు నేర్పడానికి పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అక్కకూ. ఆమె నాకంటే ఆరేళ్లు పెద్దది. నేను హైదరాబాద్‌లో కోర్సు చేసి నేర్చుకున్నాను. ఆమె డిక్షనరీ ముందర పెట్టుకుని, ఇంగ్లీషు మాన్యువల్ చదివి నేర్చుకుంది. సందేహం వస్తే విద్యార్థులు నన్ను దాటుకుని ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

ఒక సాయంత్రం ఆమె వెళ్లిపోయాక, రెండింటిలో దేనికీ లేకుండా ఆ గుర్తు తీసేస్తే ఏమవుతుందో చూద్దామని తీసేశాను. మిషను లేవలేదు. నల్లటి తెర మీద ఒక చిన్న తెల్ల గీత మినుకుమంటూ ఉండిపోయింది. ఫ్లాపీతో లేపి గుర్తు మళ్లీ పెడితే రెండు నిమిషాల పని. ఆ పని చేయకుండా తాళం వేసి ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున క్లాసు ముందు ఆమె స్విచ్ వేసింది. ఆపి, మళ్లీ వేసింది. అంతలో యజమాని వచ్చాడు.

"ఏం జేసినవమ్మా? నిన్నటిదాక మంచిగనే ఉండె గదా!"

"నేనేం చెయ్యలే సార్. డాస్‌కే పెట్టి పోయిన," అంటూ ఆమె సొరుగులోంచి ఫ్లాపీ తీసింది. సరైన ఫ్లాపీయే తీసింది.

"చెయ్యి తియ్! ముట్టకు ఇగ. టైపు కొట్టెటోళ్ల చేతికి కంప్యూటరిస్తే గిట్లనే అయితది."

విద్యార్థులు కొందరు నవ్వారు. యజమాని నా వైపు తిరిగి, "నువ్వు జర చూడు," అన్నాడు.

రెండు నిమిషాల పనిని గంటసేపు చేశాను. డబ్బా మూత విప్పాను. కేబుళ్లు ఊడదీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. ఆమె ఆ ఫ్లాపీ పట్టుకుని గోడ పక్కన నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. చివరికి ఆమె చేతిలోని ఫ్లాపీనే అడిగి తీసుకుని మిషను లేపాను. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పటి నుంచి ఆమెను వెనక గదిలో టైపు క్లాసులకే పరిమితం చేశారు. రెండు నెలలకు మానేసింది.

ఏడాది తర్వాత బస్టాండులో ములుగు బస్సు ఎక్కుతూ కనిపించింది. అక్కడ ఏదో ఆఫీసులో టైపిస్టుగా చేరిందట. కిటికీ దగ్గర కూర్చుని నన్ను పిలిచింది.

"తమ్మీ, ఒక్క ముచ్చట అడుగుత. ఆ దినం అసలేమైండె? ఎంత ఆలోచించినా నాకు సమజైతలేదు. మొన్న కాజీపేటల కంప్యూటర్ నేర్పమని పిలిచిన్రు. మళ్ల ఏం చెడగొడ్తనో అని భయమై పోలే."

అక్కడ యజమాని లేడు, విద్యార్థులు లేరు. ఉన్నది ఆమె, నేను. నిజం చెబితే నాకు పోయేదేమీ లేదు.

"నీ చెయ్యే తగిలుంటదక్కా. చూస్కోకుండ ఏదన్న ఒత్తినవేమో," అన్నాను.

ఆమె చాలాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "అంతే అయ్యుంటది తియ్యి," అంది. సంచిలోంచి ఒక జామకాయ తీసి నాకిచ్చింది. బస్సు కదిలింది. దాన్ని తింటూ ఇన్‌స్టిట్యూట్‌కు నడిచాను.