గోడక్క మ్యాచ్ ఆడిన రోజు

టెన్నిస్ క్లబ్బులో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆమె గోడక్క. ఎంత గట్టిగా కొట్టినా బంతి తిరిగి వచ్చేస్తుంది కనుక ఆ పేరు. ఇరవై నాలుగేళ్లుగా ఆమె పని సభ్యులకు ప్రాక్టీసు ఇవ్వడం. డాక్టరుగారికి బంతి కుడివైపు, మోకాలి ఎత్తున రావాలి. బ్యాంకు మేనేజరు పరిగెత్తలేడు, ఆయన ఎక్కడ నిలబడితే అక్కడికే పంపాలి. లాయరమ్మకు అప్పుడప్పుడు ఒకటి కష్టమైనది వేయాలి, లేకపోతే తనను తక్కువగా చూస్తున్నారని అలుగుతుంది. గోడక్క చేతికి ఇవన్నీ కంఠతా వచ్చు. చేతికి కంఠం ఎక్కడిదని అడిగేవాళ్లు ఆమె ఆట చూడనివాళ్లు. మంచి బంతి పడినప్పుడు అవతలివాళ్లు "బాగుందక్కా" అంటారు. ఆమె జేబులోంచి మరో బంతి తీసి "ఇంకోటి వెయ్యనా?" అంటుంది. ఇన్నేళ్ల ఉద్యోగమూ ఈ రెండు మాటల మీదే నడిచింది.

ఇంత ఆట వచ్చిన మనిషి పోటీలకు ఎందుకు వెళ్లలేదని కొత్తవాళ్లు అడుగుతుంటారు. వెళ్లింది, ఒక్కసారి, పందొమ్మిదో ఏట. ఎత్తు కుర్చీలో కూర్చున్నాయన స్కోరు పైకి చదవగానే కాళ్లు చచ్చుబడ్డాయి. ప్రాక్టీసులో రోజూ తన చేతిలో ఓడిపోయే పిల్ల ఒక్క గేమ్ కూడా ఇవ్వకుండా ఇంటికి పంపేసింది. లెక్క పెట్టే ఆట జోలికి ఇక పోనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. క్లబ్బు ఉద్యోగం అందుకే నచ్చింది. అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎన్ని బంతులు కొట్టినా ఎవరూ లెక్క పెట్టరు.

ఇప్పుడు క్లబ్బువాళ్లు బంతులు విసిరే యంత్రం ఒకటి తెచ్చిపెట్టారు. నెలాఖరు నుంచి నేర్పే మనిషి ఒక్కరు చాలన్నారు. ఉన్నది ఇద్దరు: గోడక్క, ఆరు నెలల క్రితం చేరిన పొడుగుపిల్ల. ఎవరిని పంపినా మాట వస్తుందని భయపడి సెక్రటరీ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆదివారం పొద్దున ఇద్దరూ ఒక సెట్టు ఆడాలి, గెలిచినవాళ్లు ఉంటారు.

వినగానే గోడక్క గుండెల్లో రాయి పడింది. ఈ పని తప్ప ఆమెకు మరొకటి రాదు. నలభై ఆరేళ్ల మనిషిని ఏ క్లబ్బూ కొత్తగా తీసుకోదు.

నిజానికి పొడుగుపిల్ల రోజూ ఆమెతోనే ప్రాక్టీసు చేస్తుంది. చివరి పావుగంట మొహమాటం లేకుండా ఆడమని బతిమాలేది. అప్పుడు గోడక్క బంతిని ఈ మూలకీ ఆ మూలకీ పంపితే పాపం రొప్పుతూ కూలబడేది. దర్జీ పనిచేసే భర్త ఈ సంగతే గుర్తుచేశాడు.

"రోజూ నువ్వు ఓడించే పిల్లే కదే, ఎందుకంత భయం?"

"రోజూ ఎవరూ లెక్క పెట్టరండీ," అందామె.

ఆదివారం వచ్చింది. బూట్ల తాళ్లు రెండుసార్లు ముడి తప్పాయి. కోర్టు చుట్టూ కుర్చీలు వేసుకుని సభ్యులు పెళ్లికి వచ్చినట్టు కూర్చున్నారు. మొదట బాగానే ఆడింది. నాలుగు గేములు గెలిచి ఒకటి పోగొట్టుకునేసరికి, అప్పటిదాకా కాగితం మీదే లెక్క రాసుకుంటున్న సెక్రటరీ గొంతు సవరించుకుని "నాలుగు–ఒకటి" అని గట్టిగా చదివాడు. అంతే. ఆమెకు ముచ్చెమటలు పట్టాయి.

ఆ తర్వాత ఆట చూడముచ్చటగా సాగింది. బంతి అటూ ఇటూ ఇరవైసార్లు తిరుగుతోంది. డాక్టరుగారు చప్పట్లే చప్పట్లు. భర్త మాత్రం మొహం మాడ్చుకున్నాడు. ఐదు–ఐదు అయ్యాక నీళ్ల సీసా అందిస్తూ గొంతు తగ్గించి అన్నాడు.

"ఏంటే, ఆ పిల్లకి బంతులు అందిస్తున్నావ్?"

ఆమెకూ తెలుసు. భయం పుట్టగానే చెయ్యి తనకు బాగా వచ్చిన పనిలోకి వెళ్లిపోయింది. మూలకు కొడదామనుకున్న బంతి వెళ్లి ఆ పిల్లకు ఇష్టమైన చోట, ఇష్టమైన ఎత్తులో పడుతోంది. ఓటమి కంటే ఇప్పుడు తన చేతిని చూస్తేనే ఆమెకు ఎక్కువ భయం వేసింది. తన చెయ్యి తన మాట వినకపోతే ఎవరితో చెప్పుకోవాలి?

ఆరు–ఐదు, ముందున్నది పొడుగుపిల్ల. ఇంకొక్క పాయింటు పోతే ఉద్యోగం పోయినట్టే. పొడుగుపిల్లకీ కంగారే, ఆమె కొట్టిన బంతి నెట్‌కు దగ్గరగా మెల్లగా వచ్చి పడింది. అవతల ఎడమవైపు సగం కోర్టు ఖాళీ. చిన్నపిల్లలైనా అక్కడికే కొడతారు. ఎడమకి, ఎడమకి అని లోపల అనుకుంటూ గోడక్క రాకెట్ ఊపింది.

బంతి కుడివైపు, నడుం ఎత్తున, వెన్నలా వెళ్లింది. పొడుగుపిల్ల ఒక్క అడుగు వేసి దాన్ని మూలకు కొట్టేసింది. అది గీత లోపల పడింది.

"బాగుందక్కా," అంది అలవాటుగా. అన్నాక తను ఏమన్నదో తెలిసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సెక్రటరీ స్కోరు చదువుతున్నాడు. గోడక్క చెయ్యి అప్పటికే జేబులో ఉంది.

"ఇంకోటి వెయ్యనా?" అని అడిగింది.