ఎడమ పురి

ముసురు పట్టిన రోజున నాకు ఇప్పటికీ తొడ మీద అరచెయ్యి రాసుకునే చప్పుడు వినబడుతుంది. ఇంట్లో వాళ్లకు చెబితే నవ్వుతారు. చెప్పడం మానేశాను గానీ వినడం మానలేకపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో చర్ల అవతలి అడవి పల్లెలో పంతులమ్మగా చేశాను. మధిర వైపు పుట్టినదాన్ని, అడవంటే భయం. నేను కిరాయికి ఉన్న ఇంటి అవ్వ అడ్డతీగ నారతో తాళ్లు పేనేది. తల్లితీగను ముట్టుకోదు, పక్క తీగలే కోసి, పట్ట ఒలిచి, నానబెట్టి నార తీసేది. ఆ వానాకాలం ఆమె కొడుకు మెదడుకెక్కిన మలేరియాతో భద్రాచలం దవాఖానాలో పడ్డాడు. కోడలు తోడు వెళ్లింది. వెనకే అవ్వ బయల్దేరేలోగా వాగు పొంగి దారి తెగింది. కొడుకు వచ్చేసరికి కొత్త మంచం అల్లి ఉంచాలని పట్టుబట్టి కూర్చుంది. చూస్తూ ఊరుకోలేక నేనూ నార పట్టాను.

నాది ఎడమచేతి వాటం. ఎడమ తొడ మీద నార పెట్టి తోస్తే పురి ఎదురు తిరిగేది. అవ్వ నా తాడంతా విప్పేసేది. మళ్లీ పేనితే మళ్లీ విప్పేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎటు తిప్పితే ఏంటి, తాడు తాడే కదా అని అడిగేశాను.

“గట్ల ఎడమపురి పాడెకే పెడ్తరు, పంతులమ్మా. ఇంట్ల ఉండొద్దు.”

ఆ తర్వాత కుడిచేత్తోనే తంటాలు పడ్డాను. తాడు కప్పను మింగిన పాములా అక్కడక్కడా ఉబ్బేది. అవ్వ చూసి నవ్వేది. నిద్రలో నా ఎడమచెయ్యి నార వెతుక్కుంటుందేమోనని దాన్ని ఒంటికింద పెట్టుకుని పడుకునేదాన్ని.

వాగు తీసిన పొద్దున జీపు వచ్చింది. ముందు కోడలు దిగింది. వెనక సీటు మీద తెల్లబట్ట కప్పి అతన్ని తెచ్చారు.

అవ్వ ఏడవలేదు. మంచం తాడు చుట్టి చూరులో దోపింది. మగవాళ్లు పాడెకు వెదురు నరుకుతుంటే, మిగిలిన నార తెచ్చి నా ఒళ్లో వేసింది.

“నీ చెయ్యి ఎటు పోతె అటే పోనియ్యి, బిడ్డా.”

చదువుకున్నదాన్ని, తాడుకు ప్రాణాలు పోవని తెలుసు. అయినా ఆ విప్పేసిన తాళ్లన్నీ గుర్తొచ్చి నా చేతిని చూస్తే నాకే భయమేసింది. నార ఎడమ తొడ మీద పెట్టి తోశాను. తాడు నున్నగా సాగింది. నేను పేనినవాటిలో అంత మంచి తాడు మరొకటి లేదు. అవ్వ దాన్ని మూర మూరా తడిమి చూసింది. విప్పలేదు.