ఎడమ తలుపు స్పీకరు

ఒట్టు వేయమంటే వేయను. మాటకు ముందు ఒట్టు వేసేవాళ్లను చిన్నప్పటి నుంచీ నేనే నమ్మను. కానీ ఇది జరిగింది. నాకే జరిగింది... పక్కన మా మల్లేశం బావ కూడా ఉన్నాడు. నేను పిరికిదాన్ని కాను. బల్లి కనపడితే అందరూ చీపురు వెతుకుతారు, నేను చేత్తో పట్టి బయట పడేస్తాను. అది గుర్తుపెట్టుకుని వినండి. నవ్వేది ఉంటే చివర నవ్వండి.

మాది లక్సెట్టిపేట. మా బాపుకు వడ్ల మిల్లు ఉండేది. దాంతోపాటు ఒక పిచ్చి కూడా ఉండేది... ఎర్ర స్పోర్ట్స్ కారు. అక్కడికి దగ్గర్లో ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజినీరు, పని అయిపోయి వెళ్లిపోతూ దాన్ని అమ్మేశాడు. బాపు కొన్నాడు. రెండే సీట్లు. నేలకు అతుక్కున్నట్టు కిందికి ఉండేది. మా ఊరి గుంతల్లో ఎడ్లబండి కూడా దాన్ని దాటి పోయేది. సంసారికి రెండు సీట్ల బండేమిటని ఊరంతా నవ్వింది. బాపు పట్టించుకోలేదు. కుడివైపు ఆయన, ఎడమవైపు నేను. అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. "దాంట్ల కూసుంటె గుంతల కూసున్నట్టే ఉంటది" అనేది.

ఆ కారు తలుపులకు కంపెనీవాళ్లు బిగించిన స్పీకర్లు రెండు ఉండేవి. అరచేతిలో పట్టేంత చిన్నవి. మధ్యలో నల్లటి కాగితపు గిన్నె. కుడిదానికి ఏ రోగమూ లేదు. ఎడమదే... క్యాసెట్ పెట్టగానే, పాటకు ముందు ఒకసారి "గర్ర్ర్..." మనేది. అచ్చం గొంతు సవరించుకున్నట్టు. మిల్లులో తౌడు దుమ్ము పీల్చీ పీల్చీ బాపుకూ అలాంటి దగ్గే వచ్చింది. "మా ఇద్దరికీ తౌడే వట్టింది" అని నవ్వేవాడు. అది గర్రుమనగానే, పంచాయితీకి వచ్చిన మనిషిని అడిగినట్టు "ఆఁ... చెప్పు" అనేవాడు. అప్పుడు పాట మొదలయ్యేది. రోజూ ఇదే తంతు. రోజూ నేను నవ్వేదాన్ని.

చివరికి ఆ దగ్గే ఆయనను తీసుకుపోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టాం. మావైపు అది పెద్ద లెక్క. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. ఆ రోజు మటన్ కూర, గారెలు, కల్లు, సిగరెట్ పెట్టె... అన్నీ పెట్టాం. కాకి చింతచెట్టు మీద కూర్చుంది. దిగదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. మా బాబాయి చేతులు జోడించి, "మిల్లు ఆపం అన్నా, నేను నడిపిస్త" అన్నాడు. కాకి కదల్లేదు. మేనత్త, "నీ బిడ్డ పెండ్లి మంచిగ జేస్తం తమ్మీ" అంది. కాకి తల తిప్పింది, అంతే.

అప్పుడు అవ్వ ముందుకు వచ్చింది. కళ్లు తుడుచుకుని, కాకితో కాదు, బాపుతోనే మాట్లాడినట్టు అంది.

"నీ కారు అమ్మం. దాంట్ల ఒక్క సామాను గూడ తియ్యం. ఎట్లున్నది అట్లనే ఉంటది. ఇగ రా."

మాట పూర్తి కాలేదు... కాకి దిగింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ రోజు నుంచి కారు మిల్లు షెడ్డులో దేవుడై కూర్చుంది. ఒకసారి టైర్లు పగుళ్లు వస్తే మార్చాలా వద్దా అని ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. అవ్వే తీర్పు చెప్పింది. "అరిగినయి మార్చుండ్రి. మంచిగున్నయి ముట్టద్దు." అంతే. దానికి అప్పీలు లేదు.

తర్వాత నాకు పెళ్లి కుదిరింది. తొంభైల మొదట్లో సంగతి. అబ్బాయిది జమ్మికుంట, పత్తి వ్యాపారం చేసే ఇల్లు. మంచివాడే గానీ కారు నడపడం రాదు. నాకు వచ్చు. మిల్లు వాకిట్లో వడ్ల బస్తాల మధ్య తిప్పి తిప్పి బాపే నేర్పాడు. పెళ్లయ్యాక బరాత్‌కు, ఆ ఊరేగింపుకు బాపు కారే తీస్తాను, నేనే నడుపుతాను అన్నాను. బాబాయి నెత్తి పట్టుకున్నాడు. "పెండ్లిపిల్ల బండి నడుపుడేందే? నలుగురు నవ్వరా?" అన్నాడు. అవ్వ మాత్రం ఒకే మాట అంది. "నడుపనీ. నేర్పింది ఆయనే గద."

నాకు కావలసింది ఒక్కటే. పెళ్లిలో బాపు లేడు. కనీసం ఆయన కారు ఉండాలి, ఆయన పాటలు బజారంతా మోగాలి. కానీ ఆ అరచేతి స్పీకర్ల పాట కారు దాటి బయటికి వస్తేగా! బరాత్‌లో డప్పుల ముందు అదేం వినబడుతుంది?

మల్లేశం బావ మా మేనత్త కొడుకు. మస్కట్‌లో కార్లకు టేపురికార్డర్లు, స్పీకర్లు బిగించే షాపులో పనిచేసేవాడు. నా పెళ్లికని వస్తూ కానుకగా పెద్ద స్పీకర్ల జత తెచ్చాడు. డబ్బా తెరిచి చూస్తే ఒక్కోటి భోజనం పళ్లెమంత ఉంది. నేను ఎగిరి గంతేశాను. అవ్వను అడిగాం.

"పాతయి పాడుతలేవా?" అంది.

"పాడుతున్నయి గని దగ్గుకుంట పాడుతున్నయి అత్తా" అన్నాడు బావ.

"ఆయన గూడ దగ్గుకుంటనే బతికిండు. మంచిగున్నయి ముట్టద్దన్న గద."

అవ్వకు ఎదురు చెప్పలేదు గానీ లోపల మండిపోయింది. పెళ్లి నాది. బాపు ఆమెకు ఎంతో నాకూ అంతే. కాకికి ఇచ్చిన మాట కోసం నా బరాత్ మూగగా పోవాలా?

పెళ్లి వారం ఉందనగా అవ్వ పిలుపులకని పెద్దపల్లికి, వాళ్ల చెల్లెలింటికి వెళ్లింది. రాత్రికి అక్కడే ఉంటానంది. ఇంకేముంది... "బావా, ఈ రాత్రికే" అన్నాను.

"అత్తకు తెలిస్తె నన్ను మస్కట్ దాక ఉరికిస్తది" అన్నాడు. అన్నాడే గానీ స్క్రూ డ్రైవరు తీసుకుని నాకంటే ముందే షెడ్డులోకి నడిచాడు.

అన్నాలు తిన్నాక మొదలుపెట్టాం. ఒక్క బల్బు. తౌడు వాసన. మిల్లు ఆగిపోయి ఉంది. బావ ముందు బ్యాటరీ తీగ పీకేశాడు. "షార్టయితె పెండ్లికి ముందే పటాకులు పేలుతయి" అన్నాడు. తర్వాత రెండు తలుపుల అట్టలు ఊడదీశాడు. స్పీకర్ల వెనక తీగలు లాగేశాడు. రెండింటినీ తెచ్చి గోనె సంచి మీద, మూతులు పైకి పెట్టి పడుకోబెట్టాడు. మళ్లీ చెప్తున్నాను... బ్యాటరీ తీగ లేదు. స్పీకర్లకు తీగ లేదు. గోనె సంచి మీద ఉన్నాయి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

కొత్త స్పీకరు తలుపుకు ఆనించి చూశాడు. తలుపు రేకులో ఉన్న రంధ్రం చిన్నది. ఇది పెద్దది. రేకు కోయాలి.

"కోస్తె మల్ల అతుకది సుజాతా" అన్నాడు. "పాతయి మల్ల పెడుదమన్నా కూసోవు. ఆలోచన జేసి చెప్పు. కోయాల్నా?"

"కోయి" అన్నాను.

నిజం చెప్తున్నా, ఆలోచించలేదు. బావ రంపం బ్లేడు తీసి రేకు మీద ఆనించాడు. ఒక్కసారి ముందుకు తోశాడో లేదో... "కీచ్"మని చిన్న చప్పుడు.

కరెంటు పోయింది.

అందులో వింతేమీ లేదు. మా ఊళ్లో కరెంటు ఉంటేనే వింత. బావ చీకట్లోనే, "టార్చిలైటు ఏడ వెట్టినవ్?" అన్నాడు. సీటు మీద పెట్టానన్నాను. వెతుకుతున్నాడు. నేను గోనె సంచి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాను. ఎక్కడో కుక్క మొరిగి ఆగింది. అంతా నిశ్శబ్దం...

అప్పుడు...

"గర్ర్ర్..."

నా మోకాలి పక్క నుంచి.

బావ చేయి ఆగిపోయింది. పెద్ద చప్పుడు కాదు. భయపెట్టే చప్పుడు అసలే కాదు. రోజూ విన్నదే. ఎన్ని వందలసార్లు విన్నానో...

"ఇనవడ్డదా?" అన్నాడు బావ గుసగుసగా.

"ఇనవడ్డది."

"పురుగేమన్న దూరిందా దాంట్ల?"

టార్చి దొరికింది. వెలిగించాడు. రెండు స్పీకర్లూ పెట్టినచోటే ఉన్నాయి. ఎడమదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పాడు. ఊపాడు. వెనక, పక్కన, రంధ్రాల్లో వెలుగు పెట్టి చూశాడు. పురుగు లేదు. కొంచెం తౌడు దుమ్ము రాలింది. మళ్లీ సంచి మీద పెట్టాడు. "లారీ పోయుంటది రోడ్డు మీద. దాని అదురుకు..." అంటున్నాడు.

లారీ ఏదీ పోలేదు. నాకు తెలుసు. బావకూ తెలుసు.

నేను వేలు చాపాను. ఎందుకు చాపానో ఇప్పటికీ చెప్పలేను. భయం వేయలేదు... వేయలేదంటే అబద్ధం, కానీ అది దయ్యం భయం కాదు. కాగితపు గిన్నె మధ్యలో, మెత్తగా ఉబ్బెత్తుగా ఉండే చోట, వేలి కొస ఆనించాను. చల్లగా ఉంది.

అది... లేచింది.

కొంచెమే. బియ్యపు గింజ మందం కూడా కాదు. నా వేలిని పైకి నెట్టింది. ఆగింది. దిగింది. మళ్లీ మెల్లగా లేచింది... నిద్రపోయే మనిషి ఛాతీ మీద చేయి వేస్తే ఎలా ఉంటుందో అలా. బావ టార్చి దాని మీదే పట్టి ఉన్నాడు.

మళ్లీ ఒకసారి, నా వేలి కిందే...

"గర్ర్ర్..."

ఆ తర్వాత ఏమీ లేదు. కాగితం పైకి లేచినది లేచినట్టే ఉండిపోయింది. ఎవరో నోరు తెరిచి, ఎదుటివాళ్ల మాట కోసం ఆగినట్టు. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. తర్వాత మెల్లగా... చాలా మెల్లగా... దిగిపోయింది. వేలి కింద ఉత్త కాగితం.

"సుజాతా" అన్నాడు బావ. "కోయను. నువ్వు తిట్టినా కోయను."

నేను తిట్టలేదు. టార్చి నేను పట్టుకుంటే పాత స్పీకర్లు రెండూ మళ్లీ బిగించాడు. తీగలు కలిపాడు. మస్కట్ డబ్బా మూసేశాడు. పొద్దున వెలుతురులో చూస్తే ఎడమ తలుపు రేకు అంచున రంపం గాటు ఒకటి, గోరంత. అట్ట వేస్తే కనపడదు. అవ్వకు చెప్పలేదు. బజారు బాపు పాటలు వినకూడదని రాసి ఉంది కాబోలు అనుకున్నాను.

బరాత్ రోజు. గుడ్డ పైకప్పు వెనక్కి మడిచిన ఎర్ర కారు, బంతిపూల దండలు, పక్క సీట్లో నా పెళ్లికొడుకు, స్టీరింగు దగ్గర పట్టుచీరలో నేను. డప్పులవాళ్లను ఒక్క నిమిషం ఆగమన్నాను. స్పీకర్లు చిన్నవైతేనేం, మొదటి పాట బాపుదే కావాలి. బజారు మొత్తం మమ్మల్నే చూస్తోంది. క్యాసెట్ తోసి, ఎడమవైపుకు చెవి పెట్టాను. "ఆఁ... చెప్పు" అనడానికి సిద్ధంగా ఉన్నాను.

దగ్గు రాలేదు.

పాట నేరుగా మొదలైంది. కడిగినట్టు, శుభ్రంగా. అంత చిన్న స్పీకర్ల నుంచి అంత చక్కటి పాట ఎప్పుడూ వినలేదు. హారతి పళ్లెం పట్టుకుని ఎడమ తలుపు దగ్గర నిలబడిన అవ్వ, చేయి గాల్లోనే ఆపి నా వైపు చూసింది.

"దగ్గు ఏమాయెనే?" అంది. కారు ఎక్కలేదు గానీ, రోజూ అరుగు మీది నుంచి వింటూనే ఉండేదన్నమాట.

అవ్వ వంగి, స్పీకరు జాలీ మీద అరచేయి ఒకసారి ఆనించి తీసింది.

బావ ఇప్పటికీ ఒకటే మాట. తౌడు దుమ్ము రాలింది, స్క్రూలు గట్టిగా బిగించాం, దగ్గు పోయింది. "గంతే. పరేషాన్ గాకు." కావచ్చు. మరి తీగ లేకుండా ఆ రాత్రి ఎలా దగ్గింది బావా అంటే, మాట మార్చి పిల్లల చదువుల గురించి అడుగుతాడు.

వద్దని ఆపడానికి వచ్చాడా బాపు? సరే కోసుకో బిడ్డా అని చెప్పడానికి వచ్చాడా? లేక అసలు ఎవరూ రాలేదా? నాకు తెలియదు. కారు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆ స్పీకర్లే ఉన్నాయి. ఆ రాత్రి తర్వాత ఎడమది ఒక్కసారి కూడా గర్రుమనలేదు.

భయపెట్టింది అది కాదు. ఇంకోటి ఉంది. బాపు ఉన్నప్పుడు, అది గొంతు సవరించుకున్నాక ఆయన "ఆఁ... చెప్పు" అంటేనే పాట వచ్చేది కదా. ఆ రాత్రి అది రెండుసార్లు గొంతు సవరించుకుంది. ఆగింది. నా వేలి కిందే ఆగింది. ఆ రెండు మాటలు అనాల్సింది నేను.

అనలేదు.