తడిసిన కొంగు

మోండా మార్కెట్లో కూరగాయలమ్మే కమలాబాయిది అల్వాల్లో మా వీధే. పుచ్చు వంకాయ కనబడితే తనే తీసి పారేస్తుంది. అబద్ధమాడేది ఒక్క విషయంలోనే, కూతురు కల్పలతకు వచ్చే ఫిట్స్ గురించి. ఎందుకు ఆడదు? నిజం చెప్పిన పాపానికి బడివాళ్లు టీసీ చేతిలో పెట్టారు. తిరుమలగిరి బట్టల దుకాణంవాళ్లు మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు.

కల్పలతకిప్పుడు ఇరవై నాలుగేళ్లు. మందులు పని చేయడం లేదు. ఫిట్ మెదడులో ఎటువైపు పుడుతోందో ఖాయంగా తేలితే ఆపరేషన్ చేస్తామని మా ఆసుపత్రి డాక్టర్లు అన్నారు. ఆ చోటు మామూలప్పుడు చక్కెరను తక్కువగా వాడుకుంటుంది కాబట్టి పెట్ స్కాన్‌లో మసగ్గా కనబడుతుంది. అయితే ముందురోజు నుంచీ ఫిట్ రాకూడదు. వస్తే అదే చోటు వెలిగిపోయి, బాగున్న వైపే మసగ్గా తోస్తుంది. ఆ స్కాన్ తీసే టెక్నీషియన్ను నేనే.

రెండు నెలలు ఆగితే వాళ్ల వంతు వచ్చింది. స్కాన్ కోసం చక్కెర మందు సూది ఇచ్చేముందు అడిగాను.

"నిన్నటి నుంచి ఫిట్ వచ్చిందా?"

కల్పలతను అడిగి లాభం లేదు. వచ్చి పోయినట్టు ఆమెకు గుర్తే ఉండదు. తల్లి చెప్పాల్సిందే.

"వస్తే ఏమైతది సారూ?" అంది కమలాబాయి.

"ఇవాళ తీయం. మళ్లీ రెండు నెలలకు."

"ఏం రాలే సారూ. నెల దాటింది."

ఆమె కొంగు చొంగతో తడిసి ఉంది. కల్పలత కింది పెదవి మీద పచ్చి పంటిగాటు. రెండూ చూశాను. బయట ఇంకా ఆరుగురు కూర్చున్నారు. 'రాలేదు' అన్నచోట టిక్కు పెట్టాను.

వారం తర్వాత, కల్పలతను చూస్తున్న డాక్టర్ ఝాన్సీలక్ష్మి గారు తల్లీకూతుళ్లతో పాటు నన్ను కూడా పిలిపించారు.

"మిగతా పరీక్షలన్నీ ఎడమవైపంటున్నాయి. ఇదొక్కటే కుడివైపు చూపిస్తోంది. ఇలాగైతే ఆపరేషన్‌కి పంపలేను. స్కాన్ రోజు ఫిట్ గానీ వచ్చిందామ్మా?"

కమలాబాయి నోరు తెరిచింది. అంతలోనే కల్పలత అందుకుంది.

"రాలే మేడం. మా అమ్మ అబద్ధం చెప్పదు."

కమలాబాయి నా వంక చూసింది. నేను తల దించుకున్నాను.

"ఏం రాలే మేడం," అంది చివరికి.

ఆపరేషన్ కుదరదని రాసి మేడం ఫైలు మూసేశారు. నేనొక్క మాటంటే స్కాన్ మళ్లీ తీసేవాళ్లు. నా ఉద్యోగం గుర్తొచ్చింది. అనలేదు.